మూలభాగం నూకరాజు

కొత్తరేవు రైతుబజారులో కూరగాయల ధరలు రాసే నల్లబల్ల మీద, దొండకాయకూ దోసకాయకూ మధ్య, ఒక సోమవారం పొద్దున 'పాత కారు' అని కొత్త వరస కనబడింది. బీరకాయల కోసం వచ్చిన జనం అదేదో కొత్తరకం కాయ కాబోలనుకున్నారు. పక్కనున్న ధర చూశాక మాత్రం చేతిసంచులు మడిచి చంకలో పెట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మరుసటి సోమవారానికి దొండకాయ తగ్గింది, దోసకాయ నిలకడగా ఉంది, పాత కారు పెరిగింది. ఆ తర్వాత చాలాకాలం అది తగ్గిన వారమంటూ లేదు.

ఇదంతా సంరక్షణ మండలి చలవ. దాని పూర్తి పేరు 'సామాన్యుల పురాతన వాహనాల సంరక్షణ మరియు అందుబాటు మండలి'. రాజులూ జమీందార్లూ ఎక్కిన కార్లే కాదు, మామూలు మనుషులు ఎక్కి తిరిగిన కార్లు కూడా జాతి సంపదేననీ, వాటిని సామాన్యుడికి అందే ధరలో ఉంచాలనీ పైన ఎవరికో ఉత్సాహం పుట్టింది. ఉత్సాహం పుట్టాక మండలి పుట్టింది. మండలికి సంచాలకుడు, మదింపు అధికారి, జీపు, షెడ్డు పుట్టుకొచ్చాయి. ధర అందుబాటులో ఉందో లేదో తేల్చాలంటే ముందు ధరంటూ ఒకటుండాలి కదా అని మండలి ఒక ధర కట్టింది. కట్టిన రోజే ఊళ్లో కోళ్లగూళ్లుగా బతుకుతున్న కార్లలోంచి కోళ్లను వెళ్లగొట్టారు. పశువుల పాకలో గడ్డిమోపుల కింద పడున్న కారును బయటికి లాగి పసుపు రాశారు. అమ్ముతానన్నవాడు లేడు, కొంటానన్నవాడు లేడు, ధర మాత్రం తన దారిన తాను పెరుగుతూ పోయింది.

ఇంత ధరైతే సామాన్యుడెలా కొంటాడని ఎవరో అర్జీ పెట్టారు. సంచాలకుడు కాశీవిశ్వనాథం గారు సభ పెట్టి, మెడలో దండతోనే జవాబిచ్చారు.

"అందుబాటనేది కొనేవాడి జేబుకు సంబంధించిన అంశం కాదు. వస్తువు గౌరవానికి సంబంధించిన అంశం. ధర పెరిగితే గౌరవం పెరుగుతుంది. గౌరవం పెరిగిన వస్తువు తనకూ ఉంటే బాగుండునని సామాన్యుడు ఆశపడతాడు. ఆ ఆశే అందుబాటుకు తొలిమెట్టు. మన జిల్లా సామాన్యులందరినీ ఇప్పటికే తొలిమెట్టు మీద నిలబెట్టామని సవినయంగా మనవి చేస్తున్నాను."

అర్జీ పెట్టినవాడు కూడా చప్పట్లు కొట్టాడు.

ఈ గొడవేదీ పట్టని మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. అతను నూకరాజు. కారు నడుపుకునే మనిషికి కారు ధరతో పనేముంటుంది. అతనిది తెల్ల అంబాసిడర్. పూర్వం ఆ ఊళ్లో పురుళ్ల ఆసుపత్రి నడిపిన డాక్టరమ్మ సౌదామిని గారు దాన్ని కొన్నారు. మీసం కూడా సరిగా రాని వయసులో నూకరాజు వెళ్లి దాన్ని విశాఖపట్నం షోరూంలోంచి తోలుకొచ్చాడు. కాలవగట్ల వెంట ఊళ్లకు పోయి నొప్పులొస్తున్న ఆడవాళ్లను ఆసుపత్రికి చేర్చింది ఆ కారే. వయసు మీదపడి వైద్యం మానేసిన రోజున డాక్టరమ్మ కారు తాళాలు నూకరాజు చేతిలో పెట్టి, "దీన్నింకొకడు నడిపితే నేను చూడలేనురా" అన్నారు.

అప్పట్నుంచీ అది పెళ్లికారు. కొత్తరేవులో పెళ్లికూతురు అత్తారింటికి బయల్దేరాలంటే ఆ తెల్ల అంబాసిడర్ గుమ్మంలోకి రావాలి. ముహూర్తానికి ముందు పురోహితుణ్ణి అడిగేవారు, తర్వాత నూకరాజును అడిగేవారు. ఇద్దరికీ తీరికున్న రోజే ఊళ్లో మంచిరోజు.

నూకరాజుకు ఆస్తి లేదు, చదువు లేదు, పిల్లలు లేరు. గొప్ప మాత్రం ఒకటుంది. కారెక్కిన ప్రతి మనిషికీ దాన్ని చెప్పేవాడు. "షోరూంలోంచి దీన్ని దించింది నేనేనండి. ఆ రోజు మొదలు ఇంకోడి చెయ్యి పడలేదండి." అక్కడ మొదలుపెట్టి, తుని దగ్గర పడిన వాన, అన్నవరం కొండ కింద డాక్టరమ్మ కొట్టిన కొబ్బరికాయ, అన్నీ చెప్పేవాడు. వెనక సీట్లో పెళ్లికూతుళ్లు ఊరు దాటేసరికి ఏడుపు ఆపేవారు. "అమ్మానాన్నల మీద బెంగ తీరి కాదు, ఈయన కథ భరించలేక" అనేది అతని భార్య రామతులసి.

ఆ కథకు సాక్ష్యం వాళ్ల ముందుగదిలో గోడకుంది. కొత్త కారు, దాని ముక్కుకు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, పక్కన పట్టుచీరలో డాక్టరమ్మ, స్టీరింగు పట్టుకుని నున్నటి మొహంతో కుర్ర నూకరాజు. రామతులసికి సంబంధం వచ్చినప్పుడు పెళ్లివారు పంపింది కూడా ఆ ఫొటోనే. ఫొటోలో కారు పడింది కాబట్టే పిల్ల ఒప్పుకుందని నూకరాజు అంటాడు. కారు అడ్డం లేకపోతే మనిషిని ఇంకాస్త చూసుకుని ఉండేదాన్నని రామతులసి అంటుంది.

మండలి జీపు ఒకరోజు వాళ్ల వాకిట్లో ఆగింది. మదింపు అధికారి సుగుణాకర్ దిగాడు. సన్నగా, శుభ్రంగా, మెడలో భూతద్దం వేలాడేసుకుని ఉంటాడు. కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, ఎడమ తలుపు మీద సొట్ట దగ్గర ఆగి చెప్పులు విప్పాడు.

"ఇది ఎవరి కాలం నాటిది?"

"పోయినేడు కొబ్బరికాయల ట్రాక్టరు గుద్దిందండి" అన్నాడు నూకరాజు.

సుగుణాకర్ చెప్పులు తొడుక్కున్నాడు.

తర్వాత చాలాసేపు మదింపు జరిగింది. సీట్లు మారినవని తేలింది. ఇంజను లోపలి సరుకంతా ఎప్పుడో మారింది. తలుపులు రెండుసార్లు, రంగు నాలుగైదుసార్లు, స్టీరింగు ఒకసారి మారాయి. హారన్ లారీది. అన్నాళ్లు మనుషుల్ని మోసిన బండికి అరుగుదల లేకుండా ఎలా ఉంటుందని నూకరాజు నచ్చజెప్పబోయాడు. సుగుణాకర్ వినలేదు. చెమట తుడుచుకుంటూ ముందుగదిలో కూలబడ్డాడు. మండలి నియమం ప్రకారం బండిలో ఒక్కటైనా మొదటి రోజు నాటి భాగం ఉండాలి. దాన్నే మూలభాగం అంటారు. అది లేనిది వారసత్వ వాహనం కాదు, వట్టి కారు. ఊళ్లోకెల్లా పేరున్న కారు వట్టి కారని రాస్తే జిల్లా సగటు ధర పడిపోతుంది.

రామతులసి మజ్జిగ తెచ్చిచ్చింది. మజ్జిగ తాగుతూ తలెత్తిన సుగుణాకర్‌కు గోడ మీద ఫొటో కనబడింది. భూతద్దం పెట్టి చూశాడు. ఫొటోలో కుర్రాణ్ణి చూశాడు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ నూకరాజును చూశాడు.

"ఇది మీరేనా?"

"నేనేనండి. షోరూంలోంచి దించింది నేనేనండి. ఆ రోజు మొదలు..."

"ఇంకొకరి చెయ్యి పడలేదు" అని పూర్తి చేసింది రామతులసి.

సుగుణాకర్ లేచి నిలబడ్డాడు. "అంటే మొదటి రోజు నుంచి ఈ వాహనానికి అమర్చి ఉండి, నేటికీ మార్చబడని ఏకైక భాగం మీరేనన్నమాట."

నూకరాజుకు ఆ మాట పూర్తిగా బోధపడలేదు గాని వినడానికి బాగుంది. తన గొప్పను ఒక ఆఫీసరు నిలబడి ఒప్పుకోవడం అతని జన్మలో అదే మొదలు. "ఆయ్" అని ఒప్పుకున్నాడు.

ఆ సోమవారం నల్లబల్ల మీద పాత కారు ధర పక్కన 'మూలచోదక సహితం' అని ఇంకో అంకె వేశారు. అది చూసి దొండకాయలమ్మే ఆవిడ కాసేపు బేరం మర్చిపోయింది. మండలి సభలో కాశీవిశ్వనాథం గారు నూకరాజుకు శాలువా కప్పారు. "డ్రైవరు సహా సంరక్షించబడిన సామాన్య వాహనం ఇంకెక్కడుంది అని అడుగుతున్నాను" అన్నారు. నూకరాజు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంటికొచ్చి శాలువా విప్పకుండానే పడుకున్నాడు.

మర్నాడు జీపు మళ్లీ వచ్చి కారునూ నూకరాజునూ షెడ్డుకు తీసుకుపోయింది. యాజమాన్యం యజమానిదే, స్వాధీనం మాత్రం మండలిదని సుగుణాకర్ వివరించాడు. కారు షెడ్డులో ఉంటుంది, కదలకూడదు, కదిలితే అరుగుతుంది. మూలభాగం కారులో ఉంటుంది, ఆఫీసు వేళల్లో దిగకూడదు, దిగితే విడిభాగం అవుతుంది.

"మరి పెళ్లిళ్లండి?" అన్నాడు నూకరాజు.

"జాతి సంపద మీద పెళ్లికూతుళ్లను ఎక్కించడం విధివిధానాలకు విరుద్ధం."

"బత్తెం ఏవన్నా ఉంటదాండి?"

"మండలి మీకు గౌరవం ఇస్తుంది. భృతి విషయం పరిశీలనలో ఉంది."

మొదట్లో నూకరాజు సంబరంగానే ఉన్నాడు. బడిపిల్లల్ని వరసలో తెచ్చి చూపించేవారు. అతను తన కథ మొదలుపెట్టగానే సుగుణాకర్ వచ్చి, మూలభాగం మాట్లాడితే సందర్శకుల దృష్టి వాహనం మీద నిలవదని ఆపించాడు. తర్వాత ఫొటో తెప్పించి దాని ప్రకారం దిద్దుబాట్లు మొదలుపెట్టాడు. ఫొటోలో మీసం లేదు గనక నూకరాజు మీసం తర్వాత అమర్చిన అలంకరణ అని తేల్చి గీయించాడు. పైపళ్ల సెట్టు చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇవి ఎప్పుడు వేశారు?"

"పళ్లూడాక ఏయించుకున్నానండి."

"నకిలీ. తీసెయ్యండి."

పళ్లు తీసేశారు. రాగిజావ తెచ్చిన రామతులసిని గేటు దగ్గర ఆపారు. ఆ రోజుల్లో ఇతను ఏం తినేవాడని అడిగారు. వరన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేప అని చెప్పింది. ఇంధనం మార్చరాదు, అదే తెమ్మన్నారు. చక్కెర జబ్బని ఆవిడ మొత్తుకుంది. చక్కెర జబ్బు కాలక్రమేణా వచ్చిన సహజ మార్పు కాబట్టి దానికి మండలి అభ్యంతరం లేదని సుగుణాకర్ చెప్పాడు. రామతులసి గిన్నె మార్చింది గాని జావ మార్చలేదు. పైన నాలుగు మెతుకులు చల్లి తెచ్చేది.

ఈ లోపల నూకరాజు కళ్లకు మసక కమ్మింది. నిజానికి అది అంతకుముందు ఏడాదే మొదలైంది. ఎదురుగా వచ్చే బండి దీపాలు రెండు నాలుగుగా కనబడేవి. పెళ్లిళ్ల రోజులు వెళ్లాక చూపించుకుందామని వాయిదా వేశాడు. ఇప్పుడు షెడ్డులో కూర్చుని చూస్తే ముందద్దం అవతల ఉన్నది బడిపిల్లలో, బస్తాలో తెలియడం లేదు. ఒక ఆదివారం సెలవడిగి రామతులసి అతన్ని కంటి శిబిరానికి తీసుకుపోయింది. డాక్టరు టార్చి వేసి చూశాడు.

"శుక్లాలు బాగా ముదిరాయి. త్వరగా తీసేసి అద్దాలు వేయాలి. నాన్చారంటే లోపల ఒత్తిడి పెరిగి ఉన్న చూపు కూడా పోతుంది. అప్పుడు నన్నడిగి లాభం లేదమ్మా."

సోమవారం పొద్దున్నే రామతులసి మండలి ఆఫీసులో నిలబడింది. కాశీవిశ్వనాథం గారు, సుగుణాకర్ ఇద్దరూ ఉన్నారు. ఆవిడ సంగతి చెప్పింది.

"అంటే మూలభాగంలోంచి పుట్టుకతో వచ్చిన అద్దం పీకేసి, ఫ్యాక్టరీలో చేసిన అద్దం బిగిస్తారా?" అన్నాడు సుగుణాకర్. అతని మొహం పాలిపోయింది.

"లేకపోతే గుడ్డోడైపోతాడంట బాబూ."

కాశీవిశ్వనాథం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకూ ఏడాది కిందటే రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. అది వేరే సంగతి, ఆయన మూలభాగం కాదు. "అమ్మా, మీ ఆవేదన మండలి అర్థం చేసుకుంటుంది. కానీ పురాతన వస్తువుల మీద కాలం ఒక పూత పూస్తుంది. రాగిచెంబు మీద పచ్చదనం, తోలుసీటు మీద నిగారింపు, అలాగే మీవారి కళ్ల మీద మసక. దాన్ని తుడిచేస్తే వస్తువు విలువ పడిపోతుంది. అరుగుదల గౌరవప్రదమైనది. మార్పు అక్రమం."

"చూపు పోతే బాబూ?"

"షెడ్డులో ఉన్న వాహనానికి చూపుతో పనిలేదు కదా. పైగా రాష్ట్రస్థాయి పరిశీలక బృందం రాబోతోంది. ఈ సమయంలో మూలభాగం మరమ్మతు అనే మాట బయటకు పొక్కరాదు."

రామతులసి బయటికొచ్చింది. అక్కణ్ణుంచి షెడ్డుకు నడిచింది. కోపం కంటే భయం ఎక్కువగా ఉంది ఆవిడకు. ఆ మనిషికి చూపు పోతే పెళ్లికారు ఉండదు, కథ ఉండదు, అరుగు మీద కూర్చున్న ఒక ముసలాడు మిగులుతాడు. ఆ మనిషి ఎలా ఉంటాడో ఊహించుకోవడానికే ఆవిడకు మనసొప్పలేదు.

షెడ్డు గేటు పక్క చెత్తకుప్ప దగ్గర సుగుణాకర్ మనుషులు ఒక కారు తాలూకు దీపం పారేస్తున్నారు. జీపులో వెనకే వచ్చిన సుగుణాకర్ దిగి, అది ఇంకో కారుదనీ, మూలభాగమనుకుంటే నకిలీదని తేలిందనీ ఎవరికో చెబుతున్నాడు. రామతులసి ఆగింది.

"అది పారేశాక ఎవరు పట్టుకెళ్లి ఏం చేసుకున్నా మీకేం పట్టదా బాబూ?"

"నకిలీతో మండలికి ఏ సంబంధమూ ఉండదమ్మా. తేలిన రోజే బయటికి."

"ఆ కారో?"

"మూలభాగం లేని కారును షెడ్డులో ఎందుకు ఉంచుతాం? అదీ బయటికే."

రామతులసి ఆ దీపం వంక కాసేపు చూసి లోపలికి వెళ్లింది. నూకరాజు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. మీసం లేక, పళ్లు లేక, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. అడుగుల చప్పుడును బట్టి ఆవిణ్ణి గుర్తుపట్టాడు. ఆవిడ గిన్నె తీసి, జావ అతని చేతికిచ్చి, తన ఆలోచన చెప్పింది. విచారణ అడగాలి. ఇతను ఆ ఫొటోలో మనిషి కాదని చెప్పాలి.

నూకరాజు జావ తాగడం ఆపాడు. "నన్నా చెప్పమంటన్నావు? ఆడు నేను కాదని?"

"నువ్వు చెప్పాలి. నేనూ చెప్తాను."

"ఇంత బతుకు బతికి, నాకని చెప్పుకోడానికి అదొక్కటే ఉంది తులసీ. దొంగతనం చేశానని చెప్పమను, చెప్తాను."

"దొంగతనానికి ఒగ్గెయ్యరు వీళ్లు. నకిలీవంటేనే బయటికి తోలతారు."

ఆవిడ కారు తలుపుకు ఆనుకుని నిలబడింది. ట్రాక్టరు గుద్దిన సొట్ట వీపుకు తగులుతోంది.

"కళ్లు పోయాక ఆ ఫొటో నీకెలాగూ కనపడదు" అంది చివరికి. "నాకొక్కదానికే కనపడతాది. నేనొక్కదాన్నీ చూసుకుంటా కూచోలేను."

నూకరాజు మిగిలిన జావ తాగి, గిన్నె ఆవిడ చేతికిచ్చి, తల ఊపాడు.

విచారణ మండలి హాల్లో జరిగింది. నకిలీ ఆరోపణ వచ్చిందంటే విని తీరాలని నియమం. పైగా పరిశీలక బృందం రాకముందే తేల్చుకోకపోతే పరువు పోతుందని కాశీవిశ్వనాథం గారి కంగారు. బల్ల మీద ఫొటో పెట్టారు. నూకరాజును దాని పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఈ వ్యక్తిని మీరు గుర్తించగలరా?" అన్నారు సంచాలకుడు ఫొటో చూపిస్తూ.

నూకరాజు ఫొటో మీదికి వంగాడు. తెల్లగా కారు, పక్కన ఎర్రగా పట్టుచీర, ఆ రెంటి మధ్యా ఒక మసక మచ్చ మాత్రం తెలుస్తున్నాయి. అది తన మొహమని అతనికి గుర్తే గాని కనబడటం లేదు. అందుకు కాస్త నయమనిపించింది.

"తెలీదండి."

"తెలియదా? షోరూంలోంచి దించింది మీరేనని ఊరంతా చెప్పారు కదా?"

"గొప్పకు చెప్పానండి." ఫొటోను బల్ల మీద కాస్త అవతలికి జరిపాడు. "దించిందెవరో నాకు తెలీదండి. నేను తరవాతెప్పుడో చేరానండి."

హాల్లో ఎవరో నవ్వారు. అతని కారులో అత్తారింటికి వెళ్లిన ఆడవాళ్లు నలుగురైదుగురు వెనక బెంచీ మీద ఉన్నారు. వాళ్లు నవ్వలేదు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుగుణాకర్ ఊరుకోలేదు. తను సంతకం పెట్టిన మూలభాగం అది. భూతద్దంతో ఫొటోలో మొహాన్నీ కుర్చీలో మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. ఫొటోలో కుర్రాడికి నిండు బుగ్గలు, పెదాల సందున తొంగిచూస్తున్న తెల్లటి పళ్లు. కుర్చీలో మనిషికి బుగ్గల్లేవు, పళ్లు లేవు. ఫొటో ప్రకారం తాము దిద్దిన ప్రతి దిద్దుబాటూ ఇతన్ని ఫొటోకు ఇంకాస్త దూరం చేసింది. ఆ సంగతి సుగుణాకర్‌కు అర్థమైంది గాని పైకి చెప్పుకునే సంగతి కాదు.

"సాక్షి" అని పిలిచారు.

రామతులసి వచ్చింది.

"అమ్మా, ఈ ఫొటో మీ ఇంట్లోదే కదా. ఇందులోని వ్యక్తిని మీరు ఎరుగుదురా?"

"ఎరగనండి. సంబంధానికొచ్చినప్పుడు ఈ ఫొటోయే చూపించారండి. ఈ కుర్రోణ్ణి చూసే ఒప్పుకున్నానండి. తీరా పీటల మీద కూచున్నాక తలెత్తి చూస్తే ఈయనున్నాడు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ముహూర్తం దాటిపోతందన్నారండి."

కాశీవిశ్వనాథం గారు చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. పీటల మీద మనిషి మారిపోవడం ఆయన ఎరిగిన లోకంలో జరగరానిదేమీ కాదు. తీర్పు లేచి నిలబడి చదివారు. సదరు నూకరాజు సదరు వాహనానికి మూలభాగం కాదనీ, తదనంతరం అమర్చబడిన నకిలీ చోదకుడనీ నిర్ధారించడమైనది. తదనుగుణంగా నకిలీనీ, మూలభాగరహిత వాహనాన్నీ మండలి ప్రాంగణం నుంచి తక్షణం తొలగించవలెను. ఫొటో మండలి స్వాధీనంలో ఉండును.

ఫొటో సంగతి వాళ్లిద్దరూ అనుకోలేదు. నూకరాజు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. రామతులసి అతని రెక్క పట్టుకుంది.

"ఇక లే నువ్వు" అన్నాడు సుగుణాకర్. నిన్నటిదాకా 'మీరు' అన్న మనిషి 'నువ్వు'లోకి దిగడానికి నిమిషం పట్టలేదు. "శాలువా తెచ్చి అప్పగించు. ఉతికి తే."

ఆ సోమవారం నల్లబల్ల మీద పాత కారు ధర దభాలున పడింది. చూసిన సామాన్యులందరూ తొలిమెట్టు మీదినుంచి దిగి బెండకాయలు కొనుక్కుని ఇళ్లకు పోయారు.

నూకరాజుకు రెండు కళ్లూ ఆపరేషన్ అయ్యాయి. కట్టు విప్పిన రోజు అతను మొదట చూసింది రామతులసిని. "ఇన్ని తెల్లెంట్రుకలెప్పుడొచ్చాయే?" అన్నాడు. "నువ్వు షెడ్లో కూచున్నప్పుడు" అంది ఆవిడ. పళ్ల సెట్టు పెట్టుకున్నాడు. మీసం మళ్లీ పెంచాడు. ఊళ్లో కొన్నాళ్లు 'డూప్లికేటు నూకరాజు' అన్నారు. టీ కొట్టు దగ్గర ఎదురుగానే అన్నారు. అతను విననట్టు గ్లాసు వంక చూసుకునేవాడు. ఇంట్లో గోడ మీద ఫొటో ఉన్నచోట సున్నం రంగు తేడాగా నలుచదరంగా కనబడేది. కొత్త కళ్లకు అది మరీ స్పష్టంగా కనబడేది.

మళ్లీ పెళ్లిళ్ల రోజులొచ్చాయి. టీ కొట్టు వీరబాబు కూతురికే పెళ్లి. కారుకు కట్టే బంతిపూల దండల కోసం నూకరాజు, రామతులసి కారులో రైతుబజారుకు వెళ్లారు. గోడ దగ్గర సుగుణాకర్ నిలబడి మనుషుల చేత కాగితాలు అంటిస్తున్నాడు. పరిశీలక బృందం వచ్చి, నకిలీ బయటపడిందంటే అసలుది ఎక్కడో ఉన్నట్టే కదా, ఏదీ అని అడిగి వెళ్లిందట.

"నువ్వా?" అన్నాడు సుగుణాకర్ కారును చూసి. "కొత్త కళ్లు వేయించుకున్నావుగా. ఇలా వచ్చి చూడు. ఈ కుర్రాణ్ణి ఎక్కడైనా చూశావా?"

నూకరాజు కారు దిగి గోడ దగ్గరికి వెళ్లాడు. తన ఫొటో పెద్దది చేసి అచ్చువేశారు. చక్రం కింద నిమ్మకాయ కనబడుతోంది. డాక్టరమ్మ చెవికి దుద్దు కనబడుతోంది. స్టీరింగు మీద చేతులేసిన కుర్రాడు ఎవరో తనను చూస్తున్నారని తెలిసి నవ్వు ఆపుకుంటున్నాడు. అలా నవ్వు ఆపుకున్న సంగతి నూకరాజు ఎప్పుడో మర్చిపోయాడు. కింద పెద్ద అక్షరాలతో 'కావలెను' అని ఉంది. పై వ్యక్తి ఈ జిల్లాకు చెందిన అమూల్య మూలచోదకుడనీ, పట్టి ఇచ్చినవారికి శాలువాతో సత్కారమనీ రాశారు. అడుగున చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. 'గమనిక: ఫొటోలో ఉన్న స్థితిలోనే అప్పగించవలెను.'

అతను అలా చూస్తూనే ఉన్నాడు. కారులోంచి రామతులసి అతని వీపు వంక చూసింది. ఇన్నాళ్లుగా దిగమింగుకున్నది ఇప్పుడు కక్కేస్తాడేమోనని దిగడానికి కారు తలుపు మీద చెయ్యి వేసింది.

"చూశానండి" అన్నాడు నూకరాజు.

సుగుణాకర్ జేబులోంచి కలం లాగాడు. "ఎక్కడ? ఎప్పుడు?"

"చాన్నాళ్లైందండి. అచ్చంగా ఈ స్థితిలోనే ఉండేవోడండి. తరవాత మళ్లీ కనపళ్లేదు."

"పేరేమన్నాడు?"

"అడగలేదండి."

సుగుణాకర్ అదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. ఆచూకీ తెలిపినందుకు మండలి తరఫున కృతజ్ఞతలు చెప్పాడు. నూకరాజు దండలు కొనుక్కుని, వీరబాబు ఇంటికి కారు తోలాడు.

మధ్యాహ్నం అప్పగింతలయ్యాయి. వీరబాబు కూతురు తల్లి మెడ పట్టుకుని వదలకుండా ఏడ్చింది, వదిలించి కారెక్కిస్తే కారులో ఏడ్చింది. పక్కన కొత్త పెళ్లికొడుకు ఏం చెయ్యాలో తోచక రుమాలు అటూ ఇటూ మడతపెడుతున్నాడు. కాలవ వంతెన దాటింది. నూకరాజు అలవాటుగా నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు. ఆ మౌనం పిల్లకు కొత్తగా తోచింది కాబోలు, ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"బాబాయ్, మా అమ్మ పెళ్లప్పుడు చెప్పావంట కదా. ఈ కారు షోరూంలోంచి నువ్వే దించావంట?"

నూకరాజు అద్దంలోంచి ఆ పిల్లను చూశాడు. అదే అద్దంలో అతని మొహం కూడా కాస్త కనబడింది.

"నేను కాదమ్మా. వేరే కుర్రోడు. చాలా బాగా నడిపేవోడు" అన్నాడు. గేరు మార్చి, చెప్పడం మొదలుపెట్టాడు. "ఆ రోజు విశాఖపట్నంలో బయల్దేరాడా, తుని కాడికొచ్చేసరికి ఒకటే వాన..."

ఊరి పొలిమేర దాటేసరికి పెళ్లికూతురు ఏడుపు ఆపింది.